రాగి నూనె, చింతపండు నీళ్ళు

నూనె కర్మాగారంలో కెమిస్టు ఉద్యోగమంటే తెల్లకోటు తొడుక్కుని గాజుసీసాలు ఊపడమేనని అనుకుని వచ్చే కుర్రవాళ్ళకు ముందే చెబుతున్నాను. మీ ముక్కు సరిగా పనిచేయకపోతే వచ్చిన బండికే తిరిగి వెళ్ళిపొండి. నేను కోపిష్టినని మా ఇంట్లో పేరు, పని చేసిన చోటల్లా కూడా అదే పేరు. ఈ వయసులో ఆ పేరు పోగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు. కాబట్టి ఇక్కడ కొన్ని మాటలు ఘాటుగా ఉంటాయి.

ఎప్పుడు జీతం పెరిగింది, ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారాను అనేవి రాయను. అవి నాకే విసుగు. నా పనిలో నేను గెలిచిన ఒక్క గెలుపు గురించి రాస్తాను. అది గుర్తొస్తే ఇప్పటికీ మీసం మీద చెయ్యి వేయాలనిపిస్తుంది.

మాది పుదూరు పక్క నల్లరేగడి పల్లె. వాన పడితే పత్తి, పడకపోతే పస్తు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా తెలుగుకు ఊళ్ళో బడి లేదు. మద్రాసు కాలేజీలో చేరాక అక్షరాలు దిద్దుకున్నాను. అందుకే నా రాత పుస్తకాల తెలుగులా ఉంటుంది, నా మాట మా అమ్మ తెలుగులా ఉంటుంది. రెండూ నావే.

ముక్కుతో మొదలు

మొదటి కొలువు కోవిల్‌పట్టిలో, పత్తిగింజల గానుగ మిల్లులో. అక్కడి ఫోర్‌మన్ ఒక ముసలాయన. నా డిగ్రీ కాగితం మడిచి నా జేబులోనే పెట్టి, "దీన్ని ఇంటి దగ్గర దాచుకో" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో సీసా ముట్టించలేదు. పొద్దున్నే గింజల బస్తాల్లో చెయ్యి దూర్చి, పిడికెడు తీసి, నలిపి, వాసన చూసి చెప్పాలి. తడిసిన గింజ ఏది, పాతది ఏది, మట్టి కలిసింది ఏది. తప్పు చెబితే ఏమీ అనేవాడు కాదు. అదే బస్తా దగ్గరికి మళ్ళీ పంపేవాడు.

అప్పట్లో ఆయన్ని మనసులో తిట్టని రోజు లేదు. ఇప్పుడు అడిగితే నాకు దొరికిన పై అధికారుల్లో ఆయనే మేటి అంటాను. నేర్పుతున్నానని చెప్పకుండా నేర్పినవాడు ఆయనొక్కడే.

మా పల్లెలో మాత్రం నా పని పెద్ద వేళాకోళమైంది. పత్తిగింజలు మా వాళ్ళకు ఎద్దుల దాణా. "ఏమప్పా, ఎద్దు తినేదాన్ని మనుసులకు పోస్తావంట గదా! రేపు గడ్డిగూడ పిండుతావా?" అని రచ్చ దగ్గర కూర్చున్నవాళ్ళంతా నవ్వేవారు. నేను మండిపడేవాణ్ణి. వాళ్ళకు అదే కావాలి.

సుబ్బక్క పొయ్యిలు

తర్వాత విరుదునగర్ వచ్చాను. పెద్దవాళ్ళు అప్పటికింకా దాన్ని విరుదుపట్టి అనే అనేవారు. అక్కడ ఒక నూనెల వ్యాపారి పత్తిగింజల నూనెకు హైడ్రోజన్ పట్టించే చిన్న ప్లాంటు పెట్టాడు. అందరూ ఆయన్ని ముదలాళి అనేవారు, అంటే యజమాని అని. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

ఆ ఊళ్ళోనే మా పెద్దమ్మ కూతురు సుబ్బక్క ఉండేది. మొగుడు పోయాక, వానలు వరసగా మొహం చాటేసిన కాలంలో, పల్లె వదిలి వచ్చి మురుకుల పొయ్యి పెట్టింది. ఆమె వెనకే మా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎండిన చేలల్లో చేయడానికి పని లేదు. పొయ్యి దగ్గర వేడి ఎక్కువైనా సాయంత్రానికి చేతిలో ఏదో ఒకటి పడేది. సుబ్బక్క మురుకుల్ని ముదలాళి రేకు డబ్బాల్లో మూత అతికించి, తూత్తుకుడిలో ఓడ ఎక్కించి కొళంబుకు, అదే కొలంబోకు, పంపేవాడు. అక్కణ్ణించి అవి కొండల మీద టీ తోటల అంగళ్ళకు వెళ్ళేవి. ప్రతి డబ్బా మూత మీదా సుబ్బక్క తన గుర్తుగా ఎర్రరంగు బొట్టు పెట్టేది.

చిక్కు ఎక్కడంటే, ఆ కొండల్లో ఎప్పుడూ చెమ్మే. సరుకు అంగట్లో చాలాకాలం కూర్చుంటుంది. పత్తిగింజల నూనె అంతకాలం ఆగదు, ముక్కిపోతుంది. డబ్బా తెరిస్తే పాత దీపం సెమ్మె వాసన. కొళంబు వ్యాపారి సణగడం మొదలుపెట్టాడు. ఆయన వద్దంటే సుబ్బక్క పొయ్యిలు ఆరిపోతాయి, ఆ ఆడవాళ్ళంతా పగుళ్ళిచ్చిన చేల దగ్గరికి తిరిగి వెళ్ళాలి. ఆమె నాతో ఒకే మాట అంది.

"రంగా, నువ్వు సదివిన సదువు నాకు తెల్దు. ఈ నూనె కెడకుండా నిలిచేట్ల చేసేదానికి అయితాదా, కాదా? అది సెప్పు సాలు."

"అయితాది అక్కా," అన్నాను. ఎలాగో అప్పటికి నాకూ తెలియదు.

వడ్డించడం ఆపని నికెలు

నూనె ఎందుకు చెడుతుందో రెండు మాటల్లో చెబుతాను. నూనెలో పొడవాటి గొలుసులుంటాయి. ఆ గొలుసుల్లో అక్కడక్కడ ఖాళీలుంటాయి. గాలి ఆ ఖాళీల్లో దూరి నూనెను చెడగొడుతుంది. గాలి కంటే ముందు మనమే హైడ్రోజన్‌తో ఆ ఖాళీల్ని పూడిస్తే నూనె నిలుస్తుంది. హైడ్రోజన్ దానంతటదే వెళ్ళి కూర్చోదు. దాన్ని కూర్చోబెట్టడానికి ఒక లోహప్పొడి కావాలి. లోకమంతా వాడేది నికెలు.

నికెలు చురుకైనదే, కాదనను. కానీ పెళ్ళిలో ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వడ్డిస్తూనే ఉండే మేనమామ లాంటిది. మా ప్లాంటులో దాని చేతికి నూనె ఇస్తే కనిపించిన ఖాళీనల్లా పూడ్చేసేది. నూనె కాస్తా గడ్డకట్టి కొవ్వొత్తి అయ్యేది. అందులో వేయించిన మురుకు ఆరాక దాని మీద తెల్లటి పూత.

సుబ్బక్క ఒకటి కొరికి ఊసేసింది. "ఇది మురుకా, మెళుగా? అంగిలికి అంటుకోని ఊడి రాదు. దీన్ని కొళంబోడు తింటాడా?"

మెళుగు అంటే మైనం. ఆమె మాటకు తిరుగు లేదు.

రాగి సంగతి నేను కాలేజీలో చదివాను. రాగి పక్కపక్కనే ఉన్న ఖాళీల్లో ఒకదాన్ని పూడ్చి, ఒంటరిగా మిగిలిన ఖాళీ జోలికి దాదాపుగా పోదు. గాలి ముందుగా దూరేది ఆ పక్కపక్క ఖాళీల్లోనే. అవి పోతే నూనె నిలవాలి. ఒంటరివి మిగిలితే నూనె నూనెగానే జారుతుండాలి. కాగితం మీద ఇంతకంటే చక్కటి లెక్క ఉండదు.

మా సూపరింటెండెంటుకు ఇది నచ్చలేదు. ఆయన మద్రాసు మనిషి. నాతో సగం అరవం, సగం ఇంగ్లీషు మాట్లాడేవాడు. నేను తెలుగులో రాస్తున్నాను. "రాగి బద్ధకపు లోహం మిస్టర్. అది చెంబులకు పనికొస్తుంది, ప్లాంటుకు కాదు."

ఆయన్ని మీరు చెడ్డవాడు అనుకోకండి. హైడ్రోజన్ దగ్గర అంత జాగ్రత్త ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చుట్ట వెలిగించినవాడు ముదలాళి బావమరిది అయినా సరే, మెడ పట్టి గేటు బయటికి పంపాడు. ఆ రోజుల్లో మేమంతా బతికి బయటపడ్డామంటే ఆయన చలవే. కానీ ఒక మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. అది నాకూ చేతకాదు. ఒక ప్లాంటులో అలాంటివాళ్ళు ఇద్దరుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ముదలాళి ఇద్దరి అరుపులూ విని, చివరికి నాకు ఒక తొట్టె ఇచ్చాడు. మైలుతుత్తం కరిగించి, చాకలిసోడా పోసి, విరిగి అడుక్కి దిగిన పచ్చటి పొడిని ఆరబెట్టి, కాల్చి నల్లగా చేసి, హైడ్రోజన్‌లో ఎర్రబరిచి రాగిపొడి తయారుచేశాను. నికెలుకు కావలసినదాని కంటే ఎక్కువ వేడి అడిగింది, ఎక్కువసేపూ అడిగింది. వడకడితే దిగిన నూనె ధారగా జారింది. దానితో చేసిన మురుకు కరకరలాడింది. పూత లేదు, మైనం లేదు. సుబ్బక్క రెండోది కూడా తీసుకుంది. నేను ఎగిరి గంతేశాను. ఆ ఏడు మొదటి ఓడకే డబ్బాలు వెళ్ళిపోయాయి.

తిరిగొచ్చిన డబ్బాలు

డబ్బాలు నిండుగా తిరిగొచ్చాయి.

స్టేషను నుంచి వచ్చిన ఎద్దుబండ్ల మీదినుంచి ఒక్కొక్క డబ్బానీ ఇద్దరేసి మనుషులు దించారు. ఒకటి తెరవగానే వాకిట్లో ఉన్న ఆడవాళ్ళంతా కొంగులు ముక్కుకు పెట్టుకున్నారు. రాగి నూనె ఊరికే చెడలేదు, మామూలు నూనె కంటే ముందుగా, మరింత ఘోరంగా చెడింది. బండివాడు నోటిమాట కూడా మోసుకొచ్చాడు. కొళంబు వ్యాపారి ఇంకొక్కసారి మాత్రం చూస్తాడట. ఈసారీ ఇదే వాసనైతే ఈ ఊరి సరుకే వద్దంటాడట.

సుబ్బక్క పొయ్యి ముందు కూర్చుని చేతులకంటిన పిండి గీక్కుంటూ ఉంది. ఆమె తిడితే బాగుండుననిపించింది.

సూపరింటెండెంటు మటుకు పండగ చేసుకున్నాడు. "చెప్పానా? దీపావళి దాటగానే నీ రాగి తొట్టె విప్పించి పాత్రసామాను అంగడికి పంపిస్తా." ముదలాళి అడ్డు చెప్పలేదు.

లెక్క తప్పలేదని నాకు తెలుసు. పరీక్ష చేస్తే పూడవలసిన ఖాళీలు పూడాయి. మరి ఎందుకు చెడింది? నూనెను వెలుతురుకు పెట్టి చూస్తే పిసరంత పచ్చదనం కనిపించింది. వడకట్టినా పోని రాగి కొంత నూనెలో కరిగి ఉండిపోయింది. ఆ పిసరే నూనెను చెడగొడుతోందని నాకు అనుమానం వచ్చింది. మట్టితో వడకట్టాను, వేడినీళ్ళతో కడిగాను, ఉప్పునీళ్ళతో కడిగాను. పచ్చదనం కదల్లేదు. నేను ఇంటికి వెళ్ళి అందరి మీదా అరిచేవాణ్ణి.

బొట్టు పెట్టిన వాల్వు

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు కొడవలి నుంచి ఇంజను దాకా ప్రతి పనిముట్టునూ కడిగి, గంధం, కుంకుమ పెట్టి, పూజ చేసి వదిలేస్తారు. మర్నాడు మళ్ళీ పూజ చేసేదాకా వాటి మీద చెయ్యి వేయరు.

తొట్టెలు చూసే కొండసామి మా పల్లెల వాడే, కండలు తిరిగిన మనిషి. మా దగ్గర నూనె దించుకునే పెద్ద తొట్టె ఒకటుంది. లోపల రాగిరేకు తాపడం, మా రాగి పని కోసమే చేయించింది. అది మసకబారి ఉందని కొండసామి ఇంట్లో బిందెలు తోమినట్టే చింతపండు పులుసు చిక్కగా కలిపి, లోపలికి దిగి, పీచుతో తోమాడు. పెళ్ళికూతురి చెంబులా మెరిపించాడు. ఆ పులుసు అడుగున ఉండిపోయింది. పారబోద్దామనేలోగా రాహుకాలం ముంచుకొస్తోందని పైనుంచి కేకలు. పూజకు హైడ్రోజన్ పట్టించే తొట్టె ఖాళీ కావాలి, అందులోనేమో నిండా వేడి రాగినూనె. కొండసామి ఆ నూనెను పులుసున్న తొట్టెలోకి వదిలేశాడు. అది అడుగు గొట్టంలోంచి బుడబుడమంటూ పులుసును చిలుకుతూ పైకి ఎక్కి, నిండింది. వాల్వు కట్టేశారు. గంధం పూశారు, కుంకుమ పెట్టారు, హారతి ఇచ్చారు.

హారతి పళ్ళెం నా ముందుకు వచ్చేసరికి కొండసామి మొహం పాలిపోయి ఉంది.

"ఏమిరా?" అన్నాను.

"సామీ, సింతపండు నీళ్ళు తీసేది మరిసిపోయినా. నూనె దాని మిందే ఎక్కి కూసోనుండాది."

పచ్చదనం వదిలించగలిగితే దీపావళికి పంపవలసిన నూనె అది! నేను వాల్వు మీదికి దూకబోయాను. కొండసామి అడ్డం వచ్చి రెండు చేతులూ చాచాడు.

"నన్ను కొట్టు సామీ, పడతా. బొట్టు పెట్టిన దాని మింద చెయ్యి ఎయ్యొద్దు. ముదలాళి సూస్తా ఉండాడు, ఊరంతా సూస్తా ఉండాది."

పళ్ళు కొరుక్కుని ఇంటికి వెళ్ళాను. సుబ్బక్కకు చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని లేచేశాను.

మర్నాడు పూజ అవగానే నేనే అడుగు వాల్వు తిప్పాను. పాత్రలోకి దిగిన నీళ్ళు చింతపండు రంగులో లేవు. చెరువు పాచిలా పచ్చగా ఉన్నాయి. నాలుగు చుక్కలు అమోనియా వేసి చూశాను. ముదురు నీలం! రాగి ఉంటేనే వచ్చే నీలం అది. అది తొట్టె తాపడంలోది కూడా కావచ్చు, అందుకే పైనుంచి నూనె తీసి వెలుతురుకు పెట్టాను. పచ్చదనం లేదు. మళ్ళీ చూశాను. లేదు.

నా అరుపుకు ఇంజను గది మనుషులంతా పరుగెత్తుకొచ్చారు. కొండసామి తనకు మూడిందనుకుని గోడవారకు జరిగాడు. వాణ్ణి పట్టుకుని కౌగిలించుకున్నాను. ఇల్లాలు బిందె మీది కిలుమును దేనితో వదిలిస్తుందో, నూనెలోని రాగినీ అదే వదిలించింది. చింతపండు పులుపు రాగిని పట్టుకుని నీళ్ళలోకి లాక్కుపోతుంది. పుట్టినప్పటినుంచీ మా అమ్మ తోమడం చూస్తూనే ఉన్నాను, తొట్టె దగ్గర మాత్రం తట్టలేదు.

బాయిలరు గది కప్పు మీద

సూపరింటెండెంటు వచ్చి పాత్రలోకి తొంగిచూశాడు. "ఇది ఫ్యాక్టరీనా, భోజనహోటలా? నూనెతో రసం కాస్తారా? ఈ తొట్టెడూ సబ్బుకు పంపండి."

"పంపితే నన్నూ అందులోనే వేసి ఉడకబెట్టండి," అన్నాను. నిజంగానే తొట్టె మెట్ల మీద కూర్చున్నాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు నా సలహా: పై అధికారితో రోజూ పోట్లాడకండి, కానీ పోట్లాడిన రోజున మెట్లు దిగకండి.

ముదలాళి వచ్చాడు. ఆయనకు రసాయనం రాదు, వ్యాపారం వచ్చు. "కొండల్లో చాలాకాలం ఆగాలి కదా. ఇక్కడే తొందరగా తేల్చే దారి లేదా?" అని అరవంలో అడిగాడు.

ఉంది. వేడి తగిలితే నూనె తొందరగా చెడుతుంది. మూడు నూనెలతో మురుకులు చేయించాను. ఒకటి ఏమీ చేయని పత్తిగింజల నూనె, రెండోది కడగని రాగినూనె, మూడోది చింతపండు నీళ్ళతో, ఆపైన వేడినీళ్ళతో కడిగి తేమ పోగొట్టిన రాగినూనె. డబ్బాలకు మూతలు అతికించి బాయిలరు గది కప్పు మీద పెట్టాం. అక్కడ పగలూ రాత్రీ వేడే. వాటి మీద సూపరింటెండెంటు తన సంతకమున్న కాగితం అతికించాడు, నేను మార్చేస్తానని! కోపం రాలేదు. రోజుకొకసారి వెళ్ళి ఆ సంతకాన్ని చూసి నవ్వుకునేవాణ్ణి.

తెరిచే రోజు సుబ్బక్కను కూడా పిలిచాను. కడగని రాగినూనె డబ్బా మూత లేపగానే ముదలాళి రెండడుగులు వెనక్కి వేశాడు. ఏమీ చేయని నూనెదీ కంపే, కాస్త తక్కువ. మూడోది తెరిచాం. సుబ్బక్క వంగి డబ్బాలో మొహం పెట్టి గట్టిగా పీల్చింది.

"నిన్న పొయ్యిలోనుండి తీసినట్లుండాది రా," అంది.

సూపరింటెండెంటు ఒకటి తీసి విరిచి వాసన చూశాడు, నమిలాడు. ఇంకొకటి తీశాడు. మూడోది నమలడం అయ్యాక చేతులు దులుపుకుని నావైపు తిరిగి, "ఒక తొట్టెకు చింతపండు ఎంత కావాలి?" అన్నాడు. తప్పయిందని చెప్పడానికి ఆయన దగ్గరున్న మాట అదే. నాకది చాలు. అప్పటినుంచి ఆ పని ఎవరూ ఎగవేయకుండా తొట్టె దగ్గర కాపలా కాసింది ఆయనే.

బండ్లు

దీపావళి ఓడకు డబ్బాలు వెళ్ళాయి. ఎర్రబొట్టు పెట్టేటప్పుడు సుబ్బక్క పెదవులు కదిలాయి, ఎవరికి మొక్కుకుందో అడగలేదు. ఆ తర్వాత వార్త లేదు. పొయ్యిలు సగం ఆర్పేశారు. కొందరు ఆడవాళ్ళు మూటలు కట్టుకున్నారు. నేను లెక్కలు వందసార్లు సరిచూసుకున్నాను. లెక్కలు సరిగానే ఉన్నాయి, నిద్ర మాత్రం లేదు.

ఒక పొద్దున స్టేషను వైపునుంచి బండ్లు వస్తున్నాయని ఎవరో కేక వేశారు. వాకిట్లోకి పరుగెత్తాం. ముందు బండి మలుపు తిరిగింది. దాన్నిండా రేకు డబ్బాలు. మూతల మీద ఎర్రబొట్లు.

సుబ్బక్క వాకిట్లో నిలబడినచోటే కూలబడింది. "మళ్ళీ వచ్చినాయి రా రంగా," అంది. "మళ్ళీ వచ్చినాయి." పొయ్యి దగ్గరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

కొండసామి బండి మీదికి ఎక్కాడు. ఎప్పటిలాగే బలమంతా కూడగట్టి ఒక డబ్బాను ఎత్తబోయాడు. అది ఒక్కసారిగా వాడి చేతుల్లో పైకి లేచింది, వాడు వెనక్కి తూలాడు. ఇంకోదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. దాన్ని తలకిందులు చేసి మాకందరికీ కనబడేలా మొట్టాడు. ఖాళీ రేకు ఖణేల్‌మంది.

"కాలీ డబ్బాలు అక్కా!" అని అరిచాడు. "అన్నీ కాలీ! మళ్ళీ నింపి పంపమన్నాడంట!"

ఎవరు ముందు నవ్వారో, ఎవరు ముందు ఏడ్చారో తెలియలేదు. నేను రెండూ చేశాను. సుబ్బక్క కొంగుతో మొహం తుడుచుకుని, నేల మీద చెయ్యి ఆనించి లేచింది. డబ్బా ఒకటి అందుకుని లోపల వాసన చూసింది. వెనక నిలబడిన ఆడవాళ్ళవైపు తిరిగింది.

"ఏమి నిలబడి సూస్తా ఉండారు? పిండి కలపండి. పొయ్యిలన్నీ ముట్టీండి!"